ఉయ్యాలలోని ఓనమాలు: పసిపాపల చూపును పెంచు ఆటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున పసిపిల్లల ఆటలను గూర్చి ప్రసంగమేమని కొందఱికి తోచవచ్చును. గ్రంథాలయమునకు వచ్చువాడు అక్షరము నెఱిగినవాడు గదా. పాలుద్రావు పసికందునకును పుస్తకములకును సంబంధమెక్కడిది? కొంచెము విచారించినచో ఆ సంబంధము తేటపడును. పుస్తకము చదువువాని కన్ను పంక్తి వెంట చిన్నచిన్న గంతులు వేయుచు ఎడమనుండి కుడికి నడచును. చివరకు చేరి, దారి తప్పక, క్రిందిపంక్తి మొదటికి వచ్చును. ఈ నడకను కంటికి నేర్పినవారెవరు? బడిపంతులు నేర్పినది అక్షరము మాత్రమే. కంటికి నడక అంతకు చాలముందే, పలకయు బలపమును చేతికి రాకముందే, అమ్మమ్మ కాళ్ళమీదను, నాయనమ్మ యొడిలోను, ఉయ్యాల ప్రక్కను అలవడినది. కావున కంటికి మొదటి బడి ఇల్లు. మొదటి ఒజ్జ తల్లి. మొదటి పాఠము ఆట.

ఈ మాటను పొగడ్తగా చెప్పి ఊరకుండుట చాలదు. ఏ నెలలో ఏ ఆట తగును? దానివలన కంటికి కలుగు మేలేమి? ఆటలో బిడ్డ చూపు వెంటరానప్పుడు పెద్దలు చేయవలసిన పని యేమి? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము ప్రతి యింటివారికిని తెలిసియుండవలెను. అందు మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఏలయనగా అక్కడ ఆలస్యమైనచో ఒక బిడ్డ బ్రతుకంతయు చీకటి కావచ్చును.

పుట్టిన బిడ్డ చూపు

పుట్టినబిడ్డకు కన్ను కనబడదనియు, నెల నిండినగాని చూపు రాదనియు తలచువారు కలరు. అది సరికాదు. ఆరోగ్యముగా పుట్టిన బిడ్డ మొదటినాటినుండియే చూచును. కాని పెద్దలవలె చూడదు. దూరపువస్తువులు దానికి పొగమంచులోని చెట్లవలె మసకగా నుండును. జానెడు మొదలుకొని, జానెడుమీద నాలుగు వ్రేళ్ళ వఱకు, అనగా ఇంచుమించు 20 నుండి 30 సెంటీమీటర్ల దూరమున నున్నవే కొంత తెలియును. పాలుద్రావు బిడ్డ కన్నులకును తల్లి మొగమునకును నడుమనుండు దూరము సుమారుగా అంతియే. బిడ్డ ముందుగా గుర్తింపవలసినది తల్లి మొగము; ఆ మొగమే దాని చూపుకందు దూరమున నున్నది.

1963లో రాబర్టు ఫాంట్జ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పుట్టి అయిదుదినములు మించని శిశువుల చూపును పరీక్షించిన ఫలితములను ప్రకటించెను. తెలుపు, పసుపు, ఎఱుపు రంగులలో ఒక్కొక్కటే పూసిన పలకలను ఒకప్రక్కను, మొగము బొమ్మ, ఒకదానిలో నొకటిగా గీసిన వలయములు, వార్తాపత్రిక ముక్క మఱొకప్రక్కను అతడు సిద్ధపఱచి, ఒక్కొక్కదానిని బిడ్డ యెంతసేపు చూచునో లెక్కించెను. ఉత్త రంగుకంటె ఏదోయొక గీతయు రూపమును గలవానినే పసికందులు ఎక్కువసేపు చూచినవి. అన్నిటిలో మొగము బొమ్మకే మొదటి స్థానము లభించినది. వార్తాపత్రిక ముక్క సైతము మెఱయు రంగులను మించినదనుట గ్రంథాలయమునకు వచ్చువారు విని సంతోషింపదగిన సంగతి!

అయితే చూచుట వేఱు, కదలుదానిని వెంబడించి చూచుట వేఱు. ఒక్కొక్క కంటిని త్రిప్పుటకు ఆఱేసి కండరములు కలవు. రెండు కన్నులును కాడికి గట్టిన జోడెడ్లవలె ఒకేదారిని, ఒకేవేగముతో కదలినగాని వస్తువు ఒక్కటిగా కనబడదు. పుట్టినబిడ్డ కన్నులు క్రొత్తగా కాడి మోపిన కోడెలవంటివి. అవి వస్తువు వెంట సాఫీగా సాగలేవు. ఆగి, వెనుకబడి, గంతువేసి అందుకొనును. మొదటి రెండు మూడు నెలలలో ఒకకన్ను అప్పుడప్పుడు ప్రక్కకు పోవుటయు కలదు. ఆఱు లేక ఎనిమిది వారములు గడచుసరికి గంతులు తగ్గి, చూపు జారుట మొదలిడును. మూడునెలలు నిండునప్పటికి బిడ్డ ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కవఱకు తలతోగూడ త్రిప్పి చూడగలుగును. అడ్డముగా సాగు చూపు ముందు కుదురుకొనును. పైకిని క్రిందికిని సాగుట ఆ తరువాత. గుండ్రముగా తిరుగుదానిని వెంబడించుట అన్నిటికిని పిమ్మట. రంగులలో ముందుగా తెలియునది నలుపుతెలుపుల భేదము. ఎఱుపువంటి గాఢమైన రంగులు ఆ వెనుక. నాలుగైదు నెలలకు తక్కిన రంగులన్నియు. ఈ క్రమము నెఱిగినవారికి ఏ ఆట ఎప్పుడు ఆడవలెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.

నెలలనుబట్టి ఆటలు

మొదటి నెలన్నరలో ఆటవస్తువు తల్లి మొగమే. కాళ్ళు చాపుకొని, బిడ్డను వాటిపై వెల్లకిల పరుండబెట్టుకొని, మెల్లగా ముందుకు వంగవలెను. జానెడు దూరమునకు రాగానే ఆగి, బిడ్డ చూపు మొగముపై నిలుచువఱకు ఓపికపట్టవలెను. చూపు నిలిచిన పిమ్మట ‘ఉంగా’ యని పలుకరించుచు, తలను మెల్లమెల్లగా కుడికి, మఱల ఎడమకు కదల్పవలెను. మెల్లగా అనుమాట మఱువరాదు. గోడగడియారపు లోలకమువలె ఊపినచో బిడ్డ కన్ను అందుకొనలేదు. చూపు జారిపోయినచో మఱల నడిమికి వచ్చి నిలువవలెను. స్నానము చేయించుటకు ముందు నూనె మర్దించునపుడు మన ముసలమ్మలు చేయునది ఇదియే.

నెలన్నర మొదలు మూడునెలల వఱకు ఎఱ్ఱని గుడ్డచెండు మేలైన ఆటవస్తువు. నలుపుతెలుపు చాఱలగుడ్డ చుట్టినను సరియే. దానిని జానెడున్నర దూరమున, బిడ్డ కన్నులకెదురుగా పట్టుకొని, అర్ధచంద్రాకారముగా ఒకప్రక్కకు నడిపి, ఆగి, రెండవప్రక్కకు నడిపింపవలెను. మూడుసారులు, నాలుగుసారులు చాలును. తరువాత గిలక్కాయ. ముందు కనబడునట్లు ఒకప్రక్కను పట్టి, మెత్తగా మ్రోగించి, చూపు వచ్చినపిమ్మట కదల్పవలెను. ఇట్లు చెవి కంటిని పిలుచును; కన్ను మెడను త్రిప్పును; చూపుతోపాటు మెడకును బలము కలుగును. కర్లపాలెము పరిసరముల ఇసుకనేలలలో తాటిచెట్లకు కొదువలేదు. లేత తాటాకుతో అల్లిన గిలకకు, మడిచిన చిలుకకు కాసు ఖర్చులేదు. అంచులు గీచుకొనకుండ చూచుకొనిన చాలును.

ఉయ్యాలపై చిలుకలు కట్టుట మన యిండ్లలో పూర్వమునుండి వచ్చుచున్న వాడుక. దానిలో రెండు సవరణలు మేలు. చిలుకలను సరిగా ముక్కుకు పైననే గాక, కొంచెము ప్రక్కగా, ఒకవారము కుడివైపునను ఒకవారము ఎడమవైపునను కట్టవలెను. అప్పుడు బిడ్డ ఒకేవైపున మెడ పెట్టుకొనదు. రెండవది, చీరయుయ్యాలలో పరుండిన బిడ్డకు నాలుగువైపులను గుడ్డయే కనబడును గాని చూడదగినది మఱేమియు ఉండదు. నిద్రకు ఉయ్యాల మంచిదే. మెలకువలో మాత్రము చాపయే మేలు. మెలకువగా నున్నపుడు కొంచెముసేపు, పెద్దలు కనిపెట్టియుండగా, బోర్లపరుండబెట్టి ఎదుట చెండు నుంచినచో బిడ్డ తలయెత్తి దానివంక చూచుటకు ప్రయత్నించును. నిద్రకు మాత్రము వెల్లకిలయే.

నాల్గవనెలలో శిశువును ఇంటినుండి వెలుపలికి దెచ్చుట, ఆఱవనెలలో అన్నము పెట్టుట మనుస్మృతి విధించిన సంస్కారములు. నిష్క్రమణమను ఆ మొదటిదానికి కంటి పెరుగుదల కాలముతో చక్కని పొందిక కలదు. నాలుగు నెలల ప్రాంతమున రెండుకన్నుల చూపు ఒక్కటిగా కూడి, దగ్గఱ దూరముల భేదము తెలియ నారంభించును. అప్పుడు బిడ్డకు గది చాలదు, పెరడు కావలెను. గాలికి కదలు అరటియాకు, పిల్లలతో తిరుగు కోడి, తాడు పొడవున గంతులు వేయు దూడ, వీధిని పోవు బండి: ఇవి యన్నియు ఆటవస్తువులే. ఎండలో సూర్యునివైపు మాత్రము బిడ్డ చూపును త్రిప్పరాదు.

చందమామను పిలుచు ఆటకు తెలుగుదేశమున ఎంత ప్రాచీనత కలదో పండితు లెఱుగుదురు. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) సైతము పసిబిడ్డకై చందమామను పిలుచు కీర్తన రచించెను. అయితే ఒక సంగతి గమనింపదగినది. నాలుగునెలల బిడ్డకు తల్లి వ్రేలు చూపినచో అది వ్రేలినే చూచును, లేక తల్లి మొగమును చూచును; చందమామను చూడదు. వ్రేలు చూపినదారిని దూరమునకు చూపు పంపుట తొమ్మిదవనెల మొదలు ఏడాదిలోపల క్రమముగా నేర్చు విద్య. అంతవఱకు తల్లి విసుగక పిలుచుచుండుటయే ఆ విద్యకు మార్గము. ‘నీవు చూచుచున్నదానినే నేనును చూచుచున్నాను’ అను తెలివి బిడ్డకు కలిగిన దినమున మాటకు పునాది పడినదన్నమాట. ఏలయనగా ఒకేవస్తువును ఇరువురు చూచినప్పుడుగదా దాని పేరు ఒకరినుండి ఒకరికి అందుట!

మూడునాలుగు నెలలకు బిడ్డ తన చేతులనే త్రిప్పి చూచుకొనును. తారంగమాడించుట కిదియే అదను. బిడ్డ చేతులు పట్టుకొని, దాని కన్నులయెదుట కలిపి, విడదీసి, పైకెత్తి ఆడింపవలెను. ఇట్లు కన్నును చేయియు పొత్తు కుదుర్చుకొనును. అయిదవనెలలో చూచినదానిని పట్టుకొనుట ఆ పొత్తునకు ఫలము.

ఆఱవనెలనుండి తొమ్మిదవనెల వఱకు చాపపై చెండు దొర్లించుట, గిన్నెలో గరిటె పడవేయుట, దోబూచులాడుట తగును. కొంగుచాటున మొగము దాచి మఱల చూపినపుడు బిడ్డ కిలకిల నవ్వుట ఊరక కాదు. మొగము కనబడకపోయినను లేకపోలేదను సత్యము దానికి అప్పుడప్పుడే తెలియుచున్నది. స్విట్జర్లాండు దేశీయుడైన పియాజే అను మనస్తత్త్వవేత్త ఇంచుమించు ఎనిమిదవనెలలో శిశువు మఱుగుపడిన వస్తువును వెదకుట మొదలిడునని చెప్పెను. తరువాతివారు ఈ తెలివి ఇంకను ముందే అంకురించునని చూపిరి. వేదాంతులు మఱుగుననున్నదానిని గూర్చి యెన్ని గ్రంథములు వ్రాసినను, మొదటి పాఠము తల్లి కొంగుచాటుననే జరిగినది.

అన్నియాటలకును ఒకటే నియమము. బిడ్డ కడుపునిండి, మెలకువతో, నెమ్మదిగా నున్నపుడే ఆడింపవలెను. అది మొగము త్రిప్పుకొనినచో, ఆవులించినచో, కన్నులు మూసికొనినచో చాలునని చెప్పినట్లే, వెంటనే ఆపవలెను. దినమునకు నాలుగైదు పర్యాయములు, ఒక్కొక్కప్పుడు రెండుమూడు నిమిషములు ఆడించుట, ఒకేమాఱు గంటసేపు ఆడించుటకంటె మేలు. నెలలు నిండక పుట్టిన బిడ్డవిషయమున లెక్క వేఱు. రెండునెలలు ముందుగా పుట్టినదానిని ఆ రెండునెలలు మినహాయించి లెక్కింపవలెను. ఇతర శిశువులతో పోల్చి తల్లి మనసు నొప్పింపరాదు.

బొమ్మలకు చరకుడు చెప్పిన లక్షణములు

ఆటవస్తువు లెట్లుండవలెనో చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయము తెలుపుచున్నది. బొమ్మలు చిత్రవర్ణములు గలవియు, ధ్వని చేయునవియు, చూడముచ్చటైనవియు, బరువులేనివియు, వాడిమొనలు లేనివియు, నోటిలో దూరనివియు, ప్రాణాపాయము కలిగింపనివియు, భయపెట్టనివియునై యుండవలెనని దాని తాత్పర్యము. ఈ ఎనిమిది లక్షణములలో ఒక్కటియు నేటికి పాతపడలేదు. రంగు కంటికి, ధ్వని చెవికి. తక్కిన వన్నియు క్షేమమునకు. బటాణీగింజ, గాజుపూస, ఊడివచ్చు గుండీ, చిన్న గుండ్రని బ్యాటరీ పసిబిడ్డకు అందరాదు. మూరెడు దారమునకు గట్టిన బొమ్మను బిడ్డచేతికి విడువరాదు, మెడకు చుట్టుకొనవచ్చును.

అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక గ్రామమున అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, లక్కతోను, చెట్లనుండి తీసిన రంగులతోను మెఱుగుపెట్టు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుండ్రని అంచులు గల అట్టి గిలక్కాయ చరకుని లక్షణములకు ఉదాహరణమనదగును. రంగు ఊడునట్టి చవుక బొమ్మలకంటె ఇంటిలోని ఎఱ్ఱగుడ్డయే మేలు.

చరకుడే అక్కడ మఱొకమాట చెప్పెను. బిడ్డ ఏడ్చినను, అన్నము తినకున్నను రాక్షసుల పేరు, పిశాచముల పేరు చెప్పి బెదరింపరాదని. ‘బూచివాడు వచ్చె’నని కన్నులు మూయించు పద్ధతి మన యిండ్లలో ఇంకను పోలేదు. కన్నులు తెఱపించుట ఆట. కన్నులు మూయించుట భయము. ఒకే యింటిలో రెండును సాగరాదు.

కాటుక విషయము కూడ ఇక్కడనే చెప్పవలసియున్నది. కంటిలో కాటుక దిద్దినచో కన్ను పెద్దదగుననుటకు ఆధారము లేదు. అంగడిలో దొరకు కొన్నిరకముల కాటుకలో సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. ఇంట పట్టిన కాటుకయైనను, పెట్టు వ్రేలిగోరువలన కంటికి గీత పడవచ్చును, పుసి పట్టవచ్చును. దిష్టిచుక్క పెట్టదలచినవారు అరికాలున పెట్టవచ్చును. కంటిలో ఆముదము, చనుబాలు, ఆకుపసరు పోయుటయు మానవలెను.

ఆటయే పరీక్ష

ఇంతవఱకు చెప్పినది ఆటవలన కలుగు మేలు. ఇక ఆటవలన తెలియు కీడును గూర్చి.

ప్రతిదినము బిడ్డను ఆడించునామెకు తెలిసినంత త్వరగా ఆ బిడ్డ చూపులోని లోపము మఱెవ్వరికిని తెలియదు. ఆమె చేతిలోని ఎఱ్ఱచెండే మొదటి పరీక్షాసాధనము. మూడునెలలు నిండినను బిడ్డ తల్లి మొగముపై చూపు నిలుపకున్నచో, కదలు వస్తువును వెంబడింపకున్నచో, కనుగ్రుడ్లు నిలకడలేక ఎల్లప్పుడును అల్లలాడుచున్నచో, నాలుగునెలలు దాటినను మెల్లకన్ను సర్దుకొనకున్నచో, ఒక కన్ను మూసినప్పుడు ఊరకుండి రెండవకన్ను మూసినప్పుడు మాత్రమే ఏడ్చుచున్నచో, వెలుతురునకు కన్ను తెఱవలేక నీరు కార్చుచున్నచో, నల్లగ్రుడ్డు మితిమీఱి పెద్దదై యున్నచో కంటివైద్యునికి చూపవలెను. కంటిపాపలో తెల్లని మెఱుపు కనబడినచో, ఛాయాచిత్రమున ఒక కన్ను తెల్లగా పడినచో, ఒక్కవారమైనను జాగుచేయరాదు. అది పుట్టుశుక్లము కావచ్చును. ప్రాణమునకే ముప్పు తెచ్చు కంతి కావచ్చును. రెండింటికిని చికిత్స కలదు. రెండింటికిని కాలమే ప్రధానము.

‘ఏడాది నిండనిండు, అదే సర్దుకొనును’ అనుమాట అనేక కుటుంబములలో వినబడుచుండును. సదుద్దేశముతో చెప్పిన ఈ మాటవలననే కన్నులు పోవుచున్నవి. దీనికి కారణము తెలియవలెను. చూచునది కన్ను మాత్రమే కాదు. కన్ను పంపిన దానిని గ్రహించు మెదడుకూడ చూచుట నేర్వవలెను. డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు 1960 తరువాతి సంవత్సరములలో పిల్లికూనలపై జరిపిన ప్రయోగములలో, పుట్టిన తొలినెలలలో ఒక కన్ను మూసియుంచి పిమ్మట తెఱచినను ఆ కన్ను చూపునకు పనికిరాలేదు. కన్ను బాగుగనే యున్నది; మెదడులో దానికి రావలసిన భాగమును రెండవకన్ను ఆక్రమించుకొన్నది. పెద్దపిల్లులకు అట్లే చేసినను హాని కలుగలేదు. ఈ పరిశోధనకుగాను వారికి 1981లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. అదనున విత్తనము పడని చేనును తరువాత ఎంత తడిపినను పంట రాదని రైతు లెఱుగుదురు. కంటికిని అదనున్నది. దట్టమైన పుట్టుశుక్లమునకు మొదటి రెండునెలలలోపల శస్త్రచికిత్స జరుగుట మేలని నేత్రవైద్యులు చెప్పుటకు కారణ మిదియే.

అదను దాటినవారికి ఆశ యేమియు లేదా? అట్లనియు అనరాదు. పవన్ సిన్హా అను శాస్త్రజ్ఞుడు 2005లో ఢిల్లీ కేంద్రముగా ప్రకాశ్ అనుపేరున ఒక యత్నము నారంభించెను. పుట్టుగ్రుడ్డివారై పెరిగిన బాలబాలికలకు శస్త్రచికిత్స చేయించి, వారు చూచుట యెట్లు నేర్చుచున్నారో పరిశీలించుట దాని పని. చూపు వచ్చిన క్రొత్తలో వారికి వస్తువులు ముక్కలుముక్కలుగా కనబడినవి. ఒక చదరముపై ఒక వలయము గీసి చూపినచో రెండు రూపములని చెప్పలేకపోయిరి. కాని ఆ రూపములలో ఒకదానిని కదల్చినంతనే అది ఒక్క వస్తువని గుర్తింపగలిగిరి. 2009లో ప్రకటింపబడిన ఈ ఫలితము మన ముసలమ్మల ఆటకు గొప్ప సాక్ష్యము. కదలికయే కంటికి వస్తువును వస్తువుగా తెలుపు గురువు. వారిచూపు కొంత మెఱుగైనను, పూర్ణదృష్టి మాత్రము రాలేదు. కావున ఆలస్యమునకు ఇది సమర్థనము కాదు.

నెలలు నిండకమునుపే పుట్టిన శిశువుల విషయమున ఆటవఱకును ఆగరాదు. 34 వారములకు ముందు పుట్టినవారికిని, పుట్టుకబరువు 2 కిలోలకు తక్కువైనవారికిని, కన్ను పైకి చక్కగా కనబడుచున్నను, లోపలి తెరపై రక్తనాళములు దారితప్పి పెరుగు వ్యాధి రావచ్చును. పుట్టిన 30 దినములలోపల కంటి పరీక్ష జరుగవలెను. 28 వారములకు ముందే పుట్టినచో, లేక బరువు 1,200 గ్రాములకు తక్కువైనచో, రెండుమూడు వారములలోనే జరుగవలెను. ఈ వ్యాధి ముదురుట కొన్నిదినముల పని. అదనున కనుగొన్నచో ఆపుట సాధ్యము.

ఎచటికి పోవలెనను ప్రశ్నకు నేడు సమాధానము దూరమున లేదు. బాలింతరాలిని, శిశువును చూచుటకు మొదటి 42 దినములలో పలుమాఱులు ఇంటికి వచ్చు ఆశా కార్యకర్తతో ముందుగా చెప్పవలెను. 2013లో ప్రారంభమైన జాతీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుకతో వచ్చిన శుక్లము మొదలగు లోపములకు పరీక్షయు, తదుపరి చికిత్సయు ఉచితముగా ఏర్పాటైనవి. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్యసంస్థకు విజయవాడ చేరువ తాడిగడపలో శాఖ కలదు. సంస్థకు పేరైన ప్రసాదుగారు జీవితమంతయు చలనచిత్రములు నిర్మించినవారు. చలించు చిత్రములను చూచుటకు కన్నుండవలెనుగదా యని ధనమును కంటివైద్యమునకు దానము చేసిరనుకొనినను తప్పులేదు.

చికిత్సకు లొంగని అంధత్వముతో పుట్టిన బిడ్డలును కొందఱుందురు. ఆ బిడ్డకు ఆటయేల యని మానివేయరాదు. వానికి గిలక ధ్వనియు, తల్లిచేతి స్పర్శయు, పేరుపెట్టి పిలుచు గొంతును ఇతరులకంటె రెండింతలు అవసరము.

నేటి క్రొత్త ఆటబొమ్మ

ఇప్పుడు ప్రతి యింటను ఒక క్రొత్త ఆటబొమ్మ వచ్చినది. బిడ్డ యేడ్చినంతనే సెల్‌ఫోను తెఱచి ఎదుట పెట్టుచున్నారు. బొమ్మలు కదలుచున్నవి, బిడ్డ ఊరకున్నది, చూపునకును మేలేగదా యని కొందఱు వాదింతురు. ఆ కదలిక అరచేయి వెడల్పున జరుగునది. మెడ త్రిప్పనక్కఱలేదు, దూరము చూడనక్కఱలేదు, చేయి చాపనక్కఱలేదు. అన్నిటికంటె పెద్దలోపము, అది బిడ్డకొఱకు ఆగదు. బిడ్డ చూపు జారినచో తల్లి ఆగును, మఱల మొదలిడును, నవ్వును, పేరుపెట్టి పిలుచును. యంత్రము తన దారిని తాను పోవును. రెండేండ్లలోపు బిడ్డలకు తెరలు చూపరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చేసిన సూచనల సారాంశము. భారతీయ శిశువైద్యుల సంఘమును ఇట్లే చెప్పి, దూరముననున్న బంధువులతో మొగము చూచుచు మాటలాడుటకు మాత్రము సడలింపు నిచ్చినది. పరదేశముననున్న తాతకు మనుమరాలి నవ్వు చూపుట తప్పుకాదు. తల్లి మొగమునకు బదులుగా తెరను నిలుపుట తప్పు.

ఈ ఆటలకు ఖర్చులేదు. విద్యావతి కావలెనను నియమము లేదు. కావలసినవి జానెడు దూరము, రెండు నిమిషముల తీరిక, ఒక ఎఱ్ఱగుడ్డ, ఓపిక. ఇంట పురుషులకును దీనియందు భాగము కలదు. పొలమునుండి వచ్చి కాళ్ళు కడుగుకొని తండ్రి బిడ్డవంక వంగినచో, అతని మొగమును బిడ్డ కంటికి పాఠమే. ఊరిలోని ప్రతి బాలింత యింటను ఈ వివరములు ఒకకాగితముపై వ్రాసి గోడకు అంటించుట గ్రంథాలయ సభ్యులైన యువకులు చేపట్టదగిన పని. ఇరువదియైదేండ్లు పుస్తకములు పంచిన సంస్థ, పుస్తకము చదువగల కన్నులను కాపాడుటకును పూనుకొనుట ఉచితము.

తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో పిల్లలకొఱకు ఆరంభించిన మాసపత్రికకు చందమామ యని పేరుపెట్టిరి. ఆ పత్రిక నేడు వెలువడుటలేదు గాని, పాతసంచికలను దాచుకొనిన గ్రంథాలయములు కలవు. తల్లి వ్రేలు చూపిన దారిని ఏడాదిబిడ్డ చందమామను కనుగొనును. అయిదాఱేండ్లు గడచిన పిమ్మట ఆ బిడ్డయే తన వ్రేలిని పంక్తిక్రింద ఉంచుకొని, ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు, చందమామలోని కథను కనుగొనును. ఆ రెండవ వ్రేలికి దారి చూపినది మొదటి వ్రేలే. ఊరిలో ఏ బిడ్డకును ఆ దారి మధ్యలో చీకటి పడకుండ చూచుట పెద్దలందఱి పూచీ.